నాలుగేళ్ళ కొలువు, నలభై ఏళ్ళ జబ్బు



2023లో కాగ్ పార్లమెంటు ముందు ఒక నివేదిక పెట్టింది. సైన్యంలో వైకల్య పింఛన్ల మీద. అందులో బీపీ, షుగరు లాంటి 'లైఫ్‌స్టైల్ జబ్బుల' కింద పింఛను తీసుకుంటున్నవాళ్ళు బాగా ఎక్కువమంది ఉన్నారని లెక్కలు చూపించింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. 'వైకల్యం' అనే మాట పక్కకుపోయి 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అనే మాట వచ్చింది. మాట మారినప్పుడల్లా ఎవరి జేబులోంచో కొంత డబ్బు పోతుంది. సాహిత్యం చదువుకున్నందుకు నాకు అబ్బిన ఒకే ఒక్క అనుమానం ఇది.

లైఫ్‌స్టైల్ అట. ఎవరి లైఫు, ఎవరి స్టైలు? బంకర్లో బూట్లతో పడుకోవడం స్టైలా? ఆరు నెలలు ప్రతి చెట్టు వెనకా తుపాకీ ఉందనుకుని నడవడం స్టైలా? పక్కన నడుస్తున్నవాడు మందుపాతర మీద కాలేసి ముక్కలైతే ఆ ముక్కలు గోనెసంచిలో ఏరడం?

ఈసారి సైనికుడి ఒంటి గురించి రాస్తాను. మనసు గురించి చాలామంది రాశారు. పీటీఎస్‌డీ అనగానే మనకు సినిమాల్లో చూసిన మనిషి గుర్తొస్తాడు, నిద్రలో కేకలు వేసేవాడు, టపాసు పేలితే బల్ల కింద దూరేవాడు. అది నిజమే. కానీ ఆ జబ్బు ఆ మనిషి గుండెనూ, రక్తనాళాలనూ, పేగులనూ, కీళ్ళనూ తింటుంది. నిదానంగా తింటుంది. ఇరవై ముప్ఫై ఏళ్ళు తీసుకుంటుంది. నా గొడవంతా ఆ 'నిదానం' దగ్గరే.

ముందు సాక్ష్యం. 'ఇదంతా మీ ఆవేశం మేడమ్' అనేవాళ్ళు క్లాసులోనే ఉంటారు కాబట్టి.

అమెరికాలో వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన కవల అన్నదమ్ముల రిజిస్టరు ఒకటి ఉంది. ఎమరీ విశ్వవిద్యాలయంలో వియోలా వక్కరీనో అనే పరిశోధకురాలి బృందం అందులోంచి 562 మందిని తీసుకుంది. మొదట్లో వాళ్ళలో ఎవరికీ గుండెజబ్బు లేదు. సుమారు 13 ఏళ్ళ తర్వాత మళ్ళీ చూశారు. మాట అడిగి ఊరుకోలేదు, గుండె కండరానికి రక్తం ఎంత అందుతోందో స్కాన్ తీసి కొలిచారు. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. పీటీఎస్‌డీ ఉన్నవాళ్ళలో 22.6 శాతం మందికి గుండెజబ్బు వచ్చింది. లేనివాళ్ళలో 8.9 శాతం మందికి.

కవలలే ఎందుకు? ఒకే తల్లి కడుపు, ఒకే ఇల్లు, ఒకే కంచం. 'వాళ్ళ వంశంలోనే ఉందండీ గుండెజబ్బు' అనే సాకు అక్కడ చెల్లదు. అన్నకు పీటీఎస్‌డీ ఉండి తమ్ముడికి లేని జంటలను విడిగా చూసినా, అది ఉన్నవాళ్ళలో 22.2 శాతం, లేని తోబుట్టువుల్లో 12.8 శాతం. సిగరెట్టు, మందు, బరువు, వ్యాయామం అన్నీ లెక్కలోంచి తీసేసి చూసినా తేడా పూర్తిగా పోలేదు. లైఫ్‌స్టైల్ అనేవాళ్ళు ఈ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి.

గుండెతో ఆగలేదు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చిన 6,66,269 మంది రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2015లో వచ్చింది. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ తిరగబడి సొంత ఒంటినే కొరుక్కునే జబ్బులు, అంటే థైరాయిడ్ వాపు, కీళ్ళవాతం, లూపస్ లాంటివి, పీటీఎస్‌డీ ఉన్నవాళ్ళలో ఏ మానసిక జబ్బూ లేనివాళ్ళకంటే రెట్టింపు కనిపించాయి. వీళ్ళు యాభై ఐదేళ్ళలోపు వాళ్ళే.

ఎలా జరుగుతుంది ఇది? మన పల్లెల్లో వెట్టి కాపలా ఉండేది, పెద్దవాళ్ళను అడగండి. రాత్రంతా దొర కళ్ళం దగ్గర కర్ర పట్టుకుని నిలబడాలి. తెల్లవారితే కనీసం ఇంటికి పొమ్మనేవాళ్ళు. పీటీఎస్‌డీ ఉన్న మనిషి ఒంట్లో కాపలావాణ్ని ఇంటికి పొమ్మనేవాడు ఉండడు. ప్రమాదం వస్తే అడ్రినలిన్ ఎగదన్నడం, గుండె వేగంగా కొట్టుకోవడం, రక్తపోటు పెరగడం అందరిలోనూ ఉండేదే. ప్రమాదం పోగానే అన్నీ దిగాలి. వీళ్ళలో దిగవు. నిద్రలో తగ్గాల్సిన బీపీ సరిగా తగ్గదు. నాళాల గోడల్లో సన్నని వాపు ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. వాపును అదుపు చేసే కార్టిసాల్ అనే హార్మోను ఇంత ఒత్తిడిలో పెరగాలి కదా అనుకుంటాం. వియత్నాం మాజీ సైనికుల్లో చాలామందిలో అది మామూలుకంటే తక్కువగా ఉండటం రేచల్ యహూదా లాంటి పరిశోధకులు చూశారు. అంటే మంట రాజుకుంటూ ఉంటుంది, ఆర్పే నీళ్ళ తొట్టి సగం ఖాళీ. దీనికి తోడు నిద్రలేమి, ఆ నిద్ర కోసం మందు, ఆ మందు వల్ల మళ్ళీ లివరు.

ఇదేమీ కొత్తగా తెలిసిన సంగతి కాదు. అమెరికా అంతర్యుద్ధం సైనికులను పరీక్షించిన డాకోస్టా అనే వైద్యుడు 1871లోనే రాశాడు. గుండెదడ, ఛాతీలో పోటు, ఆయాసం. గుండెను పరీక్షిస్తే కనపడే లోపమేమీ లేదు. 'ఇరిటబుల్ హార్ట్' అన్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం దానికే 'డిసార్డర్డ్ యాక్షన్ ఆఫ్ ద హార్ట్' అని ఇంకో పేరు పెట్టింది. పీటీఎస్‌డీ అనే పేరు 1980లో గానీ అమెరికా మనోవైద్యుల పుస్తకంలోకి ఎక్కలేదు. చూడండి, మొదట గుండె అన్నారు, తర్వాత మనసు అన్నారు, ఇప్పుడు మళ్ళీ వెతుక్కుంటూ గుండె దగ్గరకొచ్చారు.

మన భాష ఈ తిరుగుడంతా తిరగలేదు. భయమేస్తే మనకు గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. దుఃఖమొస్తే గుండె చెరువవుతుంది. అన్యాయం చూస్తే కడుపు మండుతుంది. బిడ్డ పోతే కడుపుకోత. మనసుకు ఒక ఆస్పత్రి, ఒంటికి ఒక ఆస్పత్రి అని గోడ కట్టింది మన అమ్మమ్మలు కాదు. గోడ కట్టినవాళ్ళకు అది పనికొస్తుంది. 'నీది మనసు జబ్బు, నీ బలహీనత' అని ఒకవైపు, 'నీది ఒంటి జబ్బు, నీ తిండి' అని ఇంకోవైపు. మధ్యలో యుద్ధం మాయం.

ఇప్పుడు ఒక మనిషి పేరు చెబుతాను. డ్వైట్ జాన్సన్. డెట్రాయిట్ పేదల కాలనీలో పెరిగిన నల్లజాతి యువకుడు. వియత్నాంలో ట్యాంకు డ్రైవరు. 1968 జనవరి 15న డాక్ టో దగ్గర మెరుపుదాడిలో తన సొంత స్నేహితులున్న ట్యాంకు మంటల్లో కాలిపోతుంటే చూశాడు. ఆ తర్వాత ఒంటరిగా, పిస్తోలు పట్టుకుని, సబ్‌మెషిన్ గన్ పట్టుకుని చేసిన పోరాటానికి అదే ఏడాది నవంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చేతులమీదుగా మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు. పతకం రాకముందు డెట్రాయిట్‌లో అతనికి ఉద్యోగమే దొరకలేదు. పతకం వచ్చాక సైన్యమే పిలిచి, నల్లజాతి కుర్రాళ్ళను భర్తీ చేయడానికి తిప్పింది. అతను ఏ బాధతో వైద్యుల దగ్గరికి వెళ్ళాడో తెలుసా? కడుపునొప్పి. కడుపును వెతికి వెతికి చివరికి మనోవైద్యుడి దగ్గరకు పంపారు. వియత్నాం తర్వాతి డిప్రెషన్ అన్నారు. 1971 ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో ఒక కిరాణా కొట్టులో, దోపిడీకి వచ్చాడంటూ కొట్టు యజమాని కాల్చాడు. అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఆర్లింగ్టన్‌లో సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు.

కడుపు చెప్పింది ఎవరూ వినలేదు.

డ్వైట్ ఒక్కడే అయితే విషాదం అనుకుని ఊరుకునేవాళ్ళం. 1966 నుంచి రక్షణమంత్రి మెక్‌నమారా 'ప్రాజెక్ట్ 1,00,000' పేరుతో, మామూలుగా అయితే పరీక్షలో తప్పే పేద కుర్రాళ్ళను 3,50,000 మందికి పైగా సైన్యంలోకి తీసుకున్నాడు. వాళ్ళలో దాదాపు 40 శాతం నల్లజాతివాళ్ళు. యుద్ధం అయ్యాక 1980లలో జాతీయ సర్వే చేస్తే, వియత్నాంలో పనిచేసిన తెల్ల సైనికుల్లో 13.7 శాతం, నల్ల సైనికుల్లో 20.6 శాతం, హిస్పానిక్ సైనికుల్లో 27.9 శాతం మంది అప్పటికీ పీటీఎస్‌డీతో ఉన్నారు. సరే, మరి పరిహారం? 2011-2016 మధ్య పీటీఎస్‌డీ పరిహారం కోసం నల్లజాతి మాజీ సైనికులు పెట్టుకున్న దరఖాస్తుల్లో 57 శాతం తిరస్కరించారు. తెల్లవాళ్ళవి 43 శాతం. ఇది అమెరికా మాజీ సైనికుల శాఖ సొంత అంతర్గత లెక్క.

జబ్బు ఎక్కువ ఉన్నచోట పైకం తక్కువ. ఈ లెక్క ఎక్కడో చూసినట్టుంది కదూ?

అయినా ఆ దేశంలో ఒక మెట్టు దాటారు, అది చెప్పకపోతే తప్పు. యుద్ధఖైదీలుగా బతికి వచ్చినవాళ్ళకు ఎప్పుడో ముసలితనంలో గుండెజబ్బు, అధిక రక్తపోటు, పక్షవాతం వస్తే అది యుద్ధం వల్లే అని ముందే ఒప్పుకునే నిబంధన 2000ల మధ్యలో తెచ్చుకున్నారు. రుజువు భారం ముసలాయన నెత్తిన పెట్టలేదు. దాని వెనక పీటీఎస్‌డీకీ గుండెకూ ఉన్న లంకె మీద జరిగిన పరిశోధన ఉంది.

మన దగ్గరకు వద్దాం.

మా పెదనాన్న ఒకాయన శాంతిసేనలో శ్రీలంక వెళ్ళాడు, 1987లో. ఆ యుద్ధంలో మన సైనికులు దాదాపు 1,200 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ళ లెక్క ఉంది. తిరిగొచ్చినవాళ్ళ లెక్క? ఈయన తిరిగొచ్చాడు. పల్లెలో అందరూ 'మిలిటరీ' అని పిలిచేవాళ్ళు. దీపావళికి పొలం వెళ్ళిపోయేవాడు. మంచం ఎప్పుడూ గోడకు ఆనించి, గుమ్మం కనపడేట్టు వేసుకునేవాడు. ముప్ఫై ఐదు దాటకుండానే బీపీ. తర్వాత అల్సరు. తర్వాత షుగరు. ఛాతీ పట్టుకుని కూర్చుంటే పెద్దమ్మ 'గ్యాసేమోనయ్యా, సోడా తెప్పించనా' అనేది. 'గ్యాసు కాదే, ఇది అక్కడిదే' అనేవాడు. ఆ 'అక్కడిది' అనే మాటను ఒక్క వైద్యుడూ కాయితం మీద రాయలేదు. బైపాస్ అయ్యాక ఎవరో చెబితే అర్జీ పెట్టాడు. ఒక్క ముక్క జవాబు వచ్చింది, సర్వీసుకు సంబంధం లేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు.

'అక్కడికి వెళ్ళి మన సైన్యం చేసిందేంటో తెలుసా, వాళ్ళ బీపీ మీద మనకెందుకు జాలి' అని ఉద్యమ మిత్రులు కొందరు అడుగుతారు. తెలుసు. 1987 అక్టోబరులో జాఫ్నా ఆస్పత్రిలో ఏం జరిగిందో తమిళులు మరిచిపోలేదు, మనమూ మరవకూడదు. కానీ ఆ యుద్ధానికి పంపినవాళ్ళ బీపీ బాగానే ఉంది. చేసినవాడి ఒంట్లో, చూసినవాడి ఒంట్లో, పడినవాళ్ళ ఒంట్లో యుద్ధం మిగిలిపోతుంది. పంపినవాడి ఒంట్లో మిగలదు. గాయాన్ని లెక్కపెట్టడం యుద్ధాన్ని మెచ్చుకోవడం ఎలా అవుతుంది?

లెక్కపెట్టడం అనేదే ఇక్కడ నేరం. 2021 జనవరిలో యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ అనే ఢిల్లీ సంస్థ అధ్యయనం ఒకటి పత్రికల్లోకొచ్చింది. సైన్యంలో సగం కంటే ఎక్కువమంది తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుందని. సైన్యం ఒప్పుకోలేదు, శాంపిల్ చాలా చిన్నది అంది. ఆ అధ్యయనం వెబ్‌సైటు నుంచి మాయమైంది. చిన్న శాంపిల్ అయితే పెద్ద శాంపిల్ తీయాలి కదా! 562 మంది కవలలను 13 ఏళ్ళు వెంటాడి చూసినవాళ్ళ దేశంలోనూ ప్రభుత్వం పుణ్యాత్మురాలేం కాదు. రిజిస్టరు మాత్రం ఉంచింది.

(రిజిస్టరు అన్నాను కాబట్టి ఒక మాట. కారంచేడు జరిగి 1985 జులైకి, చుండూరు జరిగి 1991 ఆగస్టుకి. బతికి బయటపడినవాళ్ళలో ఎంతమందికి ఏ వయసులో గుండెపోటు వచ్చిందో రాసిన పుస్తకం ఎక్కడైనా ఉందా? సైనికుల ఒంటి మీద రుజువైన విషయం వాళ్ళ ఒళ్ళకు వర్తించదా? పీహెచ్‌డీ టాపిక్ వెతుక్కుంటున్న మెడికల్, సోషల్ వర్క్ విద్యార్థులు ఆలోచించండి. నేను దీనిమీద విడిగా రాస్తాను.)

ఇప్పుడు అసలు గొడవ. అగ్నిపథ్.

2022 జూన్‌లో పథకం ప్రకటించారు. పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లలు. నాలుగేళ్ళ కొలువు. నాలుగేళ్ళ తర్వాత 25 శాతం మందికి మించి ఉంచుకోరు. మిగతావాళ్ళ చేతిలో 11.71 లక్షల సేవానిధి పెట్టి పంపిస్తారు. పింఛను లేదు. గ్రాట్యుటీ లేదు. మాజీ సైనికుడనే హోదా లేదు. మాజీ సైనికుల వైద్య పథకం లేదు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే, అది సర్వీసు వల్లే అని తేలితే, శాతాన్ని బట్టి ఒక్కసారి కొంత డబ్బు. ఆ జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో కాల్పుల్లో మన వరంగల్ బిడ్డ ఒకడు చనిపోయాడు. అప్పుడు అందరం ఉద్యోగ భద్రత గురించి మాట్లాడాం. జబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు.

పైన రాసిన కవలల లెక్కను దీని పక్కన పెట్టండి. అమెరికా సైన్యం వియత్నాం నుంచి 1973లో వెళ్ళిపోయింది. ఆ కవలలను మొదటిసారి పరీక్షించింది 1980ల చివర్లో, ఆ తర్వాత. గుండెజబ్బు బయటపడింది ఇంకో 13 ఏళ్ళకు. అంటే యుద్ధం అయిపోయిన పాతిక, ముప్ఫై ఏళ్ళకు బిల్లు వచ్చింది. ఇరవై రెండేళ్ళకు ఇంటికి పంపిన అగ్నివీర్‌కు యాభై ఏళ్ళకు స్టెంట్ వేయాల్సి వస్తే ఎవరి దగ్గరికి వెళ్తాడు? ఏ బోర్డు ముందు నిలబడతాడు? ఆ రోజుకు అతను కాగితాల్లో మాజీ సైనికుడు కూడా కాదు.

పింఛను ఖర్చు తగ్గించడానికే ఈ పథకం అని పాత జనరల్స్‌లోనే చాలామంది అన్నారు. నేను ఇంకో అడుగు వేస్తాను. జబ్బు బయటపడే గడియారం కంటే ముందే ఖాతా మూసేసే గడియారం పెట్టారు. పరిశోధన తెలియక పెట్టారని నేను నమ్మను. తెలియకపోతే అది ఇంకా పెద్ద నేరం.

వెళ్ళేది ఎవరు? వరంగల్‌లో, శ్రీకాకుళంలో తెల్లవారుజామున నాలుగింటికి రోడ్ల మీద పరిగెత్తేవాళ్ళను చూడండి. డిఫెన్స్ అకాడమీలకు అప్పుచేసి ఫీజు కట్టేది ఎవరి ఇళ్ళో చూడండి. నా క్లాసులో డిగ్రీ రెండో ఏడాది పిల్లాడు 'మేడమ్, రిజర్వేషన్ లేకపోయినా పరుగులో మార్కులు ఎవడూ కొయ్యలేడు కదా' అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజమే. కులం అడగకుండా కొలిచేది స్టాప్‌వాచ్ ఒక్కటే అనిపిస్తుంది మన పిల్లలకు.

'అయితే సైన్యంలోకి పోవద్దంటారా?' అంటే, అననే అనను. బాబాసాహెబ్ పుట్టిందే మహూ కంటోన్మెంటులో. తండ్రి సుబేదార్ రామ్‌జీ. సైన్యం వల్లే ఆ ఇంట్లోకి చదువు వచ్చింది. బ్రిటిష్‌వాళ్ళు మహార్ల భర్తీని ఆపేస్తే మళ్ళీ తెరవమని ఆ తరం అర్జీలు పెట్టి కొట్లాడింది, 1941లో మహార్ రెజిమెంట్ వచ్చింది. 1943లో పెట్టిన చమార్ రెజిమెంట్‌ను యుద్ధం అవగానే 1946లో రద్దు చేశారు. అవసరం ఉన్నప్పుడు పిలిచి, తీరాక పంపేయడం మనకు కొత్త కాదు. ఆ రోజుల్లో ఒక రెజిమెంటును మొత్తంగా పంపేశారు, ఇప్పుడు మనిషి మనిషిని విడివిడిగా పంపిస్తున్నారు. విడిగా పంపితే గొడవ చేసేవాళ్ళుండరు.

అడగాల్సింది వెళ్ళొద్దని కాదు. వెళ్ళినవాడి ఒంటిని జీవితాంతం చూడమని. కొలువు నుంచి దిగిన ప్రతి మనిషికీ, అగ్నివీర్‌తో సహా, ఏటా బీపీ, షుగరు, గుండె, నిద్ర పరీక్షలు. యుద్ధప్రాంతంలో పనిచేసినవాడికి గుండెజబ్బు వస్తే యుద్ధం వల్లే అని ముందే ఒప్పుకోవడం. పీటీఎస్‌డీకి వైద్యం. ఈ చివరిది దానధర్మం కింద అడగడం లేదు. అమెరికా మాజీ సైనికుల రికార్డులతో 2019లో వచ్చిన అధ్యయనంలో, పీటీఎస్‌డీ లక్షణాలు బాగా తగ్గినవాళ్ళకు షుగరు వచ్చే ప్రమాదం తగ్గనివాళ్ళకంటే 49 శాతం తక్కువగా కనిపించింది. మనసుకు మందు వేస్తే ఒళ్ళు కుదుటపడే అవకాశం ఉంది. ఇంత తెలిసి కూడా చేయకపోతే దానికి పేరు ఏం పెట్టాలో కాగ్‌నే అడగాలి.

చివరిగా, ఈ వారం చేయగలిగిన పని. మీ ఊళ్ళో, మీ పల్లెలో మాజీ సైనికులు ఉంటారు. 'సర్వీసుకు సంబంధం లేదు' అని అర్జీ తిప్పికొట్టిన కాయితం వాళ్ళ ట్రంకుపెట్టెలో ఉంటే బయటికి తీయించండి. ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో స్పష్టంగా చెప్పింది, భర్తీ అయిన రోజున జబ్బు ఉందని రాయకపోతే, ఆ తర్వాత వచ్చింది సర్వీసు వల్ల వచ్చినట్టే భావించాలి, కాదని నిరూపించాల్సిన బాధ్యత యజమానిది, సందేహం ఉంటే లాభం సైనికుడికి. ఆయనది మూర్ఛ జబ్బు. బీపీ, గుండె కేసుల్లోనూ ఆ తీర్పును చూపించి వాదించవచ్చు. మెడికల్ బోర్డు రిపోర్టు నకలు, తిరస్కరణ ఉత్తరం, డిశ్చార్జి పుస్తకం, మొదటిసారి బీపీ మందు రాసిన చీటీ దొరికితే అదీ. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, అక్కడ కాకపోతే సాయుధ బలగాల ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచి. లా చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, దరఖాస్తు రాసిపెట్టడానికి మీకు ఒక ఆదివారం చాలు. కొత్త నిబంధనల తర్వాత దిగినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళ కాయితాలు కూడా జాగ్రత్త చేయించండి. దాని మీద వచ్చే భాగంలో.